సర్వర్ మొరాయించిందంటే సరిపోదు, లాగ్‌షీటు చూపించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో నెలకి రెండు మూడు సార్లయినా ఒక వార్త కనబడుతుంది. ‘సర్వర్ మొరాయించడంతో జనం పడిగాపులు’. ఊరు మారుతుంది, ఫొటోలో చెట్టు కింద కూర్చున్న ముసలమ్మలు మారతారు, ఆ ముక్క మాత్రం మారదు. మొరాయించడానికి అదేమైనా బండెద్దా? ఎద్దు మొరాయిస్తే తోలేవాడికి కారణం తెలుస్తుంది. కాడి రాసుకుని మెడ పుండయిందనో, గిట్టలో మేకు దిగిందనో చెప్తాడు. సర్వర్ దగ్గర కారణం అడిగేవాడూ లేడు, చెప్పేవాడూ లేడు. గట్టిగా అడిగితే ‘కరెంటు బాగోలేదండీ’ అంటారు. ఆ మాట పడలేకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో షిఫ్టు ఆపరేటర్‌గా 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మా పనిలో సగం రాత పనే. గంట గంటకీ లేచి ప్యానెల్ దగ్గరికి వెళ్ళి వచ్చే వోల్టేజి ఎంత, ఒక్కో ఫీడరు, అంటే ఊళ్ళకి కరెంటు పట్టుకెళ్ళే లైను, ఎన్ని ఆంపియర్లు లాగుతోంది, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఎంత వేడెక్కింది, ట్యాప్ ఏ నంబరులో ఉంది, బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపిస్తోంది అని లాగ్‌షీటులో రాయాలి. రోజుకి 24 వరసలు. రాత్రి మూడు గంటల గడి ఖాళీగా ఉంటే పొద్దున్న మా ఇంజినీరు ఏఈ గారు ఆ గడి మీదే వేలు పెట్టేవారు. షిఫ్టు దిగేముందు ఎనిమిది గడులూ ఒకేసారి నింపేసేవాళ్ళు కూడా ఉండేవారు. ఒకటి రెండు సార్లు నేనూ చేశాను, ఇప్పుడు దాచడమెందుకు. కానీ ఆ రాత ఇట్టే దొరికిపోతుంది. 96, 97, 96, 97 అని ఉంటుంది, అక్షరాల వాలు కూడా ఎక్కడా మారదు. నిజంగా గంటకోసారి లేచి రాసిన రీడింగు అంత పద్ధతిగా ఉండదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినపుడు నేను డ్యూటీలో ఉన్నాను. కిటికీ రెక్క ఒకటి ఎగిరిపోయింది. టార్చిలైటు దవడ కింద ఇరికించుకుని రాశాను. ఫీడర్లు ఒక్కొక్కటే పడిపోతుంటే ఆంపియర్ల గడిలో సున్నాలు వేసుకుంటూ, పక్కన నిమిషంతో సహా వేశాను. తరవాత చాలా రోజులు ఆ పేజీలు తెల్లగానే ఉండిపోయాయి. లైన్లు మళ్ళీ నిలబెట్టేటపుడు ఏది ముందు పోయింది, ఏది తరవాత పోయింది అని అడిగితే నా జ్ఞాపకాన్ని ఎవరూ నమ్మలేదు, నేనూ నమ్మలేదు. తడిసి ఉబ్బిన ఆ పుస్తకాన్నే నమ్మాం.

ఇక అసలు సంగతి. మా తమ్ముడి కూతురు మా ప్రాంతంలోనే ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. ఏ ఆఫీసో చెప్పను, అలాంటివి చాలా ఉన్నాయి కాబట్టి చెప్పీ లాభం లేదు. రోజూ పదకొండు అయ్యేసరికి అక్కడ స్క్రీన్లన్నీ బిగుసుకుపోయేవి. పేరు కొడితే గుండ్రం తిరుగుతూ ఉంటుంది. ముప్పావుగంటకో గంటకో మళ్ళీ దానంతటదే కదులుతుంది. జలుమూరు, సారవకోట వైపు ఊళ్ళ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్ళు కౌంటరు దగ్గరికి చేరేదీ సరిగ్గా ఆ వేళకే. ‘ఏటమ్మా, ఇయాల కూడా అవ్వదేటి?’ అని ఒకావిడ మూడో రోజు కూడా వచ్చి అడిగిందట. లోపలున్న ఇన్‌చార్జి గారు మాత్రం ‘వోల్టేజి సమస్య’ అని చేతులు దులిపేసుకునేవారు. ఆ పిల్ల ఇంటికొచ్చి నా మీద పడింది. ‘పెదనాన్నా, మీ కరెంటు వల్ల మాకు తిట్లు’ అంది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పడ్డ నింద రిటైరయ్యాక కూడా ఇంటికొస్తే ఎలా ఉంటుంది? ‘లాగ్‌షీటు తీసుకురా, చూద్దాం’ అన్నాను. నవ్వింది. కంప్యూటర్‌కి లాగ్‌షీటు ఎవరు రాస్తారని.

ఎవరూ రాయక్కర్లేదు, అదే రాసుకుంటుందని మాకిద్దరికీ తరవాత తెలిసింది. మా పిల్ల స్నేహితుడొకడు విశాఖపట్నంలో ఒక కంపెనీలో సర్వర్లు చూస్తాడు, అతను చెప్పాడు. లినక్స్‌తో నడిచే యంత్రాలకి సిస్‌స్టాట్ అని ఒక ప్యాకేజీ ఉంది, ఉచితమే. అందులో ‘సార్’ అనే కమాండ్ ఉంటుంది. మనం వాడే ‘సార్’ కాదు, సిస్టమ్ యాక్టివిటీ రిపోర్ట్ అనే మాటకి పొట్టి పేరు, యూనిక్స్ కాలం నుంచీ ఉన్నదే. పది నిమిషాలకోసారి అది ప్రాసెసర్ ఎంత పనిచేసింది, మెమరీ ఎంత నిండింది, డిస్కు ఎంత తిరిగింది, నెట్‌వర్క్ మీద ఎంత వెళ్ళింది ఎంత వచ్చింది అన్నీ ఒక ఫైలులో వేసుకుంటుంది. రోజుకి 144 రీడింగులు. నేను 24 రాయడానికి పడ్డ అవస్థ గుర్తొచ్చింది. దానికి నిద్ర రాదు, బీడీ కోసం బయటికి పోదు, ఎనిమిది గడులు ఒకేసారి నింపదు. ఒక రోజు ఫైలు సెల్‌ఫోన్లో తీసిన రెండు మూడు ఫొటోల జాగా కూడా తినదు. విండోస్ యంత్రాలైతే వేరే ఏదీ వేయక్కర్లేదట, పెర్ఫార్మెన్స్ మానిటర్ అని అందులోనే ఉంటుంది. పదులూ వందలూ సర్వర్లున్న చోట నాగియోస్, జాబిక్స్, ప్రొమీథియస్ లాంటివి పెట్టుకుంటారని ఆ అబ్బాయి చెప్పాడు. మనకున్న ఒక్క డబ్బాకి అంత హంగామా అనవసరం.

ఇన్‌చార్జి గారి అనుమతి తీసుకుని, సర్వర్ చూసుకునే మనిషికి ఫోన్‌లో చెప్పి, ఆ పిల్లే సిస్‌స్టాట్ వేసింది. ఇక్కడే ఒక తమాషా. వాళ్ళది ఉబుంటు, లినక్స్‌లోనే ఒక రకం. వాళ్ళ దాంట్లో ఈ ప్యాకేజీ వేసినా రీడింగులు తీయడం మొదలుకాలేదు. ఒక చిన్న ఫైలులో ‘ఫాల్స్’ అని ఉన్నదాన్ని ‘ట్రూ’ అని మార్చాలి. మీటరు బిగించి ఫ్యూజు పెట్టకుండా వెళ్ళిపోయినట్టు. రెండు రోజులు రీడింగులేవీ పడక ఎదురుచూసి, మూడో రోజుకి ఆ సంగతి కనిపెట్టింది.

వారం తరవాత కాయితాల కట్ట ఇంటికి తెచ్చింది. అన్నాలయ్యాక బల్ల మీద పరిచాం. వరసకో టైము, దాని పక్కన గడులు. యూజర్ అంటే మన పని, సిస్టమ్ అంటే దాని సొంత పని, ఐడిల్ అంటే ఖాళీ. మధ్యలో ఐఓవెయిట్ అని ఒకటుంది, అది నాకు బాగా నచ్చింది. వంటమనిషి పొయ్యి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పప్పు తేవడానికి కొట్టుకెళ్ళిన కుర్రాడు ఇంకా రాలేదు, ఆ గడి అదీ. ప్రాసెసర్‌కి పనుంది, కానీ డిస్కు నుంచి సరుకు అందలేదు. చూసేవాడికి యంత్రం ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది, కౌంటరు ముందున్నవాడికి నరకం.

‘పదకొండుకి ఏమీ లేదు పెదనాన్నా’ అంది. నిజమే, 11:00 వరసలో అంతా ప్రశాంతం. కానీ పైన 5:40 వరసలో యూజర్ 8, సిస్టమ్ 4, ఐఓవెయిట్ 61, ఐడిల్ 27. అక్కడి నుంచి 6:20 దాకా ఐదు వరసలు ఇంచుమించు అంతే. డిస్కు పేజీ చూస్తే ఆ ఐదు వరసల్లోనూ నూటికి 99 వంతులు బిజీ. వారం రోజులూ అదే వేళకి అదే వరస.

తెల్లారి అయిదున్నరకి ఆఫీసులో ఎవరుంటారు? వాచ్‌మన్ తప్ప. ఇన్‌చార్జి గారు అప్పటికే ఆ వాచ్‌మన్‌ని పిలిచి, రాత్రిళ్ళు సినిమాలు చూస్తున్నావా అని నిలదీశారట. పాపం, అతనికి ఆ గది తాళం కూడా ఇవ్వరు.

నేను ఎర్ర పెన్నుతో యూజర్ గడి ఒక్కటే పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాను. ఫీడరు రీడింగు చూస్తే ఊరి దినచర్య తెలిసిపోతుంది, పిండిమరలు ఎప్పుడు తిరిగాయి, మోటార్లు ఎప్పుడు వేశారు, జనం ఎప్పుడు పడుకున్నారు. ఇదీ అంతే. నాలుగున్నర దాకా సున్నాలూ ఒకట్లూ. నాలుగున్నరకి లేచింది. ఎనిమిదింటికి ఒక గుంట, ఎనిమిదీ ముప్పావుకి మళ్ళీ లేచింది. పదకొండున్నరకి పడుకుంది.

‘అమ్మా, మీ ఆఫీసు తెల్లారి నాలుగున్నరకి తెరుస్తారా? ఎనిమిదింటికి అన్నాలు తినేస్తారా?’ అన్నాను.

ఒక్క క్షణం అలాగే చూసి, తల పట్టుకుంది. తెరిచేది పదింటికి, లంచ్ ఒకటిన్నరకి, మూసేది అయిదింటికి. ఏ గడి చూసినా సరిగ్గా అయిదున్నర గంటలు తేడా. ఆ సర్వర్ గడియారం మనది కాదు, ఇంగ్లండులోని గ్రీనిచ్‌ది. ఎవరో మొదట్లో పెట్టినపుడు టైమ్‌జోన్ మార్చకుండా వదిలేశారు. జనం వచ్చే ముందే అయిపోవాలని బ్యాకప్‌ని అయిదున్నరకి పెట్టారు. మనిషి ఉద్దేశం మంచిదే. గ్రీనిచ్ అయిదున్నర అంటే మనకి పదకొండు. ఉన్న డిస్కు పాతకాలపు తిరిగే రకం. మొత్తం డేటా చదివి పక్క డిస్కులోకి పోసే ఆ యాభై నిమిషాలూ, ఊరి బావికి ఉన్న ఒక్క చేదా పెళ్ళివారు పట్టుకున్నట్టే. బిందెతో వచ్చినవాళ్ళు గట్టు మీద నిలబడాల్సిందే.

(మన దేశపు టైము 82.5 డిగ్రీల రేఖాంశం మీద లెక్క. అది కాకినాడ దగ్గర నుంచి పోతుంది. మా శ్రీకాకుళం దానికి ఇంకా తూర్పున ఉంది కాబట్టి సూర్యుడు మా దగ్గర గడియారం కన్నా సగటున అయిదారు నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు. ఆ అయిదు నిమిషాల సంగతి అరసవల్లి దేవుడు చూసుకుంటాడు, అయిదున్నర గంటల సంగతి మనం చూసుకోవాలి కదా.)

మా షిఫ్టు మారేటపుడు చార్జి తీసుకునేవాడు మొట్టమొదట గోడ గడియారం సరిచూసేవాడు. అవతలి సబ్‌స్టేషన్ లాగ్‌షీటుతో మన లాగ్‌షీటు కలవాలంటే టైము కలవాలి. కంప్యూటర్లకీ అదే న్యాయం.

గడియారం మార్చారు. మర్నాడు పదకొండుకి స్క్రీన్లు మళ్ళీ బిగుసుకున్నాయి! నాకు ఫోన్ చేసి ఏడుపు గొంతుతో చెప్పింది. టైమ్‌జోన్ మార్చినా, వేళకి పనులు మొదలుపెట్టే క్రాన్ అనే ప్రోగ్రాం పాత టైమునే పట్టుకుని కూర్చుందట. దాన్ని ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టాక కుదురుకుంది. ఆ తరవాతి రోజు 11:10 వరసలో ఐఓవెయిట్ 1. మూడు రోజులు తిరిగిన ఆవిడ పని పది నిమిషాల్లో అయిందని ఆ సాయంత్రం చెప్పింది.

ఇక మా కరెంటు సంగతి. యంత్రం ఆగి మళ్ళీ లేచినపుడల్లా ఆ రిపోర్టులో ‘లినక్స్ రీస్టార్ట్’ అని ఒక వరస పడుతుంది. ఆ వారం మొత్తంలో అలాంటివి రెండే. ఒకటి అర్ధరాత్రి వాన పడ్డపుడు, ఇంకోటి ఆదివారం. పనివేళల్లో ఒక్కటీ లేదు. న్యాయంగా చెప్పాలంటే యూపీఎస్ ఉంది కాబట్టి చిన్న చిన్న కోతలు ఆ కాయితంలో కనబడవు. కానీ యూపీఎస్ కాపాడినపుడు సర్వర్ నెమ్మదించడానికి కరెంటు ఎలా కారణమవుతుంది? ఇన్‌చార్జి గారికి ఈ మాట చెప్పమన్నాను. చెప్పిందో లేదో తెలియదు, నేనూ మళ్ళీ అడగలేదు.

రెండు జాగ్రత్తలు కూడా రాయాలి. మొదటిది సగటుతో. ఆ రిపోర్టు అడుగున ‘యావరేజ్’ అని ఒక వరస ఉంటుంది. ఆ రోజుల్లో దాంట్లో ఐఓవెయిట్ మూడు చూపించింది. 144 రీడింగుల్లో అయిదు మాత్రమే అరవై పైన ఉంటే సగటులో అవి ఉప్పులా కరిగిపోతాయి. పెద్దలకి పంపే నెలవారీ కాయితంలో సగటు ఒక్కటే వేస్తే ‘అంతా బాగుంది’ అనే వస్తుంది. వచ్చేది కూడా అదే. ఫీడరుకి కూడా రోజు సగటు చూసుకుని కండక్టరు తీగ వేయం, సాయంత్రం ఏడింటి పీక్ లోడు చూసి వేస్తాం.

రెండోది అలారంతో. మా ప్యానెల్‌కి ఒక హూటర్ ఉండేది. చిన్నదానికీ పెద్దదానికీ మోగుతూనే ఉండేది. ఒక మహానుభావుడు దాని నోట్లో గుడ్డ కుక్కాడు. నేను చేరిన ఏడాదికే ఆ గుడ్డ మసిబారి అందులో భాగమైపోయింది. ఈ పిల్ల కూడా మొదట ప్రతిదానికీ ఫోన్‌కి మెసేజీ వచ్చేలా పెట్టుకుంది. రెండు రోజుల్లో అరవై వచ్చాయట, మూడో రోజు చూడటం మానేసింది. ఇప్పుడు రెండిటికే పెట్టుకుంది. డిస్కు నూటికి తొంభై నిండినపుడు, ఐఓవెయిట్ వరసగా మూడు రీడింగుల్లో నలభై దాటినపుడు. ఒక్క రీడింగుకి కంగారు పడకూడదు. మోటారు స్టార్టయినపుడు అమ్మీటరు ముల్లు ఒక్కసారి ఎగిరి పడుతుంది, అంతమాత్రాన బ్రేకర్ తీసేస్తామా?

మరో విషయం ఉంది, రాయడానికి కొంచెం ఇబ్బందే. యూజర్ గడి పది గంటలకి కాక పదీ ఇరవైకి లేచిన రోజులు ఇన్‌చార్జి గారి కంట పడ్డాయి. ‘ఎవరు లేటు?’ అన్నారట. అప్పటి నుంచి ఆఫీసులో కొందరు ఈ పిల్లతో సరిగా మాట్లాడటం లేదు. ఆయన చేసింది తప్పని నా అభిప్రాయం. ఆ రీడింగుల్లో మనుషుల పేర్లు లేవు, ఎవరి కాయితాలూ లేవు, యంత్రం నాడి మాత్రమే ఉంది. దాంతో హాజరు వేయడం మొదలుపెడితే రేపు ఎవరో ‘ట్రూ’ని మళ్ళీ ‘ఫాల్స్’ చేస్తారు, ఎవరు చేశారో కూడా తెలియదు. మా శాఖలో మీటర్లకి ఏం జరిగేదో నాకు తెలుసు.

నేను కోరేది చిన్నదే. జనం వరసలో నిలబడే ప్రతి ఆఫీసులోనూ సర్వర్ తన రీడింగులు తనే తీసుకునేలా పెట్టండి. వారానికోసారి ఒక్క పేజీ అచ్చు తీసి నోటీసు బోర్డులో అంటించండి. ఏ రోజు ఏ గంటకి ఎంత సేపు బిగుసుకుంది, ప్రాసెసరా, మెమరీయా, డిస్కా, నెట్‌వర్క్ లైనా, ఇంతే. సగటు వద్దు, ఆ వారంలో అన్నిటికన్నా పాడు గంట వేయండి. పాత ఫైళ్ళు కూడా పారేయకండి. ఈ ప్యాకేజీని దాని మానాన వదిలేస్తే చాలాచోట్ల ఏడు రోజులవే ఉంచి వెనకటివి చెరిపేస్తుంది. సంక్రాంతి ముందు రద్దీ ఎంతుందో వచ్చే సంక్రాంతికి తెలియాలంటే ఏడాది లెక్క ఉండాలి. ఆ అంకె మార్చడం నిమిషం పని. మా పిల్ల 400 అని పెట్టింది.

ఆమె అంటించిన మొదటి పేజీ మూల ఎవరో చించుకుపోయారు, ఫోన్ నంబరు రాసుకోవడానికి కాబోలు. రెండో వారానిది అద్దం వెనక పెట్టింది.

అలాగే మీ విలేకరులకి ఒక మనవి. ఈసారి ‘సర్వర్ మొరాయించింది’ అని రాసే ముందు, ఎన్ని గంటలకి మొరాయించింది, ఆ గంట రీడింగు చూపించండి అని అక్కడి వాళ్ళని ఒక్కసారి అడగమనండి. లేదంటే లేదనే రాయండి, అదీ వార్తే. చూపిస్తే, అది ఎలా చదవాలో తెలియకపోతే నా దగ్గరికి పంపండి. నాకు ఎలాగూ ఖాళీయే. ఎర్ర పెన్ను ఉంది, చదివిపెడతాను. టీ మాత్రం వాళ్ళే తాగించాలి.

ఇట్లు,
విశ్రాంత సబ్‌స్టేషన్ ఆపరేటర్,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా